మొదటి వెర్షన్‌కు ఏ అంకె పెట్టాలి: మేనల్లునికి ఉత్తరం

చిరంజీవి మేనల్లునికి, హన్మకొండ నుండి మామ ఆశీర్వదించి రాయునది.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ అడ్తిదారుల (రైతు సరుకును కమీషన్ మీద అమ్మించేవారి) కోసం నీవు తయారు చేసిన, రైతుకు తూకం, ధర, కోతలు రాసిచ్చే తక్‌పట్టీల సాఫ్ట్‌వేర్‌కు 1.0 అని పెడితే కొత్త సరుకని వెనుకాడతారేమోనని, 3.0 అని పెట్టమని మిత్రులు చెబుతున్నారని రాశావు. వారి మాటను పూర్తిగా కొట్టివేయలేము. నేటి ఒరాకిల్ సంస్థ 1979లో తన డేటాబేస్‌ను మొట్టమొదట అమ్మినప్పుడే దానిని వెర్షన్ 2 అన్నది. డీబేస్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కూడా డీబేస్-2 గానే బజారుకు వచ్చింది, దానికి ముందు డీబేస్-1 అని ఎవరూ అమ్మలేదు. మొదటి వెర్షన్‌లో తప్పులుంటాయని కొనేవారు అనుమానిస్తారన్న సంగతి అమ్మేవారికి అప్పుడే తెలుసు.

అయితే నీ దగ్గర కొనేవాడు పక్క దుకాణంలో విచారించిన తరువాతే డబ్బు తీసే మనిషి. చాలా ఏళ్ల క్రితం నేను చౌరస్తా దగ్గర ఒక కంపెనీ లెక్కల ప్యాకేజీ అమ్మేవాడిని. ఫ్లాపీ మీద 3.0 అని ఉండేది. ఆ అంకెను నమ్మి కొన్న ఒక ఎరువుల వ్యాపారికి మార్చి 31 దాటగానే పాత నిల్వలు కొత్త ఖాతాలోకి రాలేదు. ఆయన నా బల్ల ముందు కూర్చొని, ఫ్లాపీ మీది చీటీని గోటితో గీకుతూ, "ఈ మూడుకంటె ముందు ఒకటి, రెండు ఎవ్వరి దుకాణంల నడిచినయో చూపియ్యి" అన్నాడు. చూపించడానికి ఒక్క దుకాణం కూడా లేదు. ఆ బజారులో మళ్లీ నా మాట చెల్లడానికి రెండేళ్లు పట్టింది.

కనుక 1.0 అనే పెట్టు, కానీ తొందరపడి పెట్టకు. ఒక మిర్చి సీజన్ మొత్తం ఇద్దరు తెలిసిన అడ్తిదారుల దగ్గర డబ్బు తీసుకోకుండా 0.9గా నడిపించు, పక్కన చేతిరాత చిట్టా కూడా రాయించు. తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాని) కోతలు రెండింటిలోనూ పైసాతో సహా కలిసిన తరువాతే 1.0 చేసి అమ్ము. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నల్ కూడా 1991 నుండి సున్నాతో మొదలయ్యే అంకెలతోనే సాగి 1994 మార్చిలో 1.0 అయింది, కాకపోతే దానిని వాడినవారిలో చాలామంది తప్పు వస్తే తామే దిద్దుకోగల ప్రోగ్రామర్లు, అడ్తి గుమాస్తాకు ఆ వీలు లేదు.

ఆపైన తప్పు దిద్దితే 1.0.1, కొత్త సౌకర్యం చేరిస్తే 1.1, పాత ఫైళ్లను మార్చుకోక తప్పని పరిస్థితి వస్తే మాత్రమే 2.0. ఆ 2.0ను ఫిబ్రవరి, మార్చి నెలల్లో, యార్డు నిండా బస్తాలున్నప్పుడు, ఎంత ఒత్తిడి వచ్చినా విడుదల చేయకు. ప్రతి మార్పునూ నాలుగు తెలుగు వాక్యాల్లో రాసి ఇవ్వు, అంకెను తక్‌పట్టీ అడుగున చిన్నగా అచ్చు వేయించు. గుమాస్తా ఫోన్ చేసినప్పుడు అది చదివి చెబితే, తప్పు ఎక్కడుందో నీకు సగం అక్కడే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకొని ఇంటికి రా. పాత తక్‌పట్టీల కట్ట ఒకటి అడిగి తెచ్చి పెడతాను, వాటిని ఒక్కొక్కటిగా ఎక్కించి లెక్క సరిచూద్దాం.

ఇట్లు,
మీ మామ