బ్యాటరీ కొనే ముందు అడాప్టర్ మీది అక్షరాలు చదువు

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

రికార్డు పెట్టగానే తంబురా శ్రుతి కింద మరో శ్రుతి మోగుతోందని రాశావు. అది 50 హెర్ట్జ్ కరెంటు రొద. ఆలాపన మొదలయ్యే ముందున్న ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దంలో అది వినబడితే ప్రాణం ఎంత విసుగుతుందో నాకు తెలుసు. కానీ దానికి మందు అడాప్టర్ తీసేసి టర్న్‌టేబుల్‌ను (రికార్డు తిప్పే యంత్రాన్ని) బ్యాటరీ మీద నడపడమేనని నువ్వు ముందే తేల్చేసుకున్నావు. అక్కడ కాస్త ఆగు.

ముల్లు రికార్డుకు తగలకుండా పైకెత్తి, ఆంప్లిఫయర్ ఆన్‌లోనే ఉంచి, టర్న్‌టేబుల్ అడాప్టర్‌ను గోడ నుంచి తీసెయ్యి. రొద అలాగే ఉంటే తప్పు అడాప్టర్‌ది కాదు. ముందు టర్న్‌టేబుల్ నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్లే ఎర్త్ వైరు బిగించి చూడు. ముల్లు ఉన్న ఆర్మ్‌ను చేత్తో మధ్యకు జరిపేకొద్దీ రొద హెచ్చుతూ తగ్గుతూ ఉంటే, పక్కనున్న ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ ప్రభావం కార్ట్రిడ్జ్ మీద, అంటే ముల్లు కదలికను కరెంటుగా మార్చే చిన్న భాగం మీద, పడుతోందని అర్థం. కార్ట్రిడ్జ్ పుట్టించేది నాలుగైదు మిల్లీవోల్టులే, అందుకే అంత సున్నితం. ఆంప్లిఫయర్‌ను రెండడుగులు దూరం జరిపితే చాలా వరకు పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ నడిచేటప్పుడు మాత్రమే బుర్రుమంటే, ఆంప్లిఫయర్ కూడా దాని మీదే నడుస్తోంది కదా! టర్న్‌టేబుల్‌కు ఒక్కదానికే బ్యాటరీ పెడితే ఆ గోల తీరకపోవచ్చు.

అడాప్టర్ తీయగానే రొద ఆగిపోయిందా? అప్పుడు దాని మీద ఏం రాసి ఉందో చదువు. బయటికిచ్చేది 12 వోల్టుల డీసీ అయితే మనకు దారి ఉంది. ఏసీ అని ఉంటే ఈ ఆలోచన మానుకో. రెగా ప్లానార్ లాంటి వాటిలో 24 వోల్టుల ఏసీ మోటారు ఉంటుంది. దాని వేగాన్ని నిర్ణయించేది కరెంటు ఫ్రీక్వెన్సీ. బ్యాటరీ తగిలిస్తే అది తిరగదు, వేడెక్కి పాడవుతుంది.

డీసీ అయితే, చిన్న యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ తెచ్చుకో. మోటారు 200 మిల్లీ ఆంపియర్లు తీసుకున్నా, సగం చార్జి వాడుకుంటే 17 గంటలు వస్తుంది. బాగా చార్జి అయిన బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. టర్న్‌టేబుల్‌కు వెళ్లే ప్లస్ వైరులో, కరెంటును ఒకే వైపు పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ఒకటి పెడితే సుమారు 0.7 తగ్గి 12కు వస్తుంది, వైర్లు తారుమారైనా కాపాడుతుంది. ఈ డయోడ్ మానకు. ఒకసారి తొందరలో ఎరుపు, నలుపు మార్చి కలిపి, ఒకాయన ఎంతో ప్రేమగా దాచుకున్న టర్న్‌టేబుల్ మోటారు బోర్డును నా చేతులతోనే కాల్చాను. ఆయన ముఖం ఇప్పటికీ కళ్ల ముందుంది.

ప్లస్ టెర్మినల్‌కు ఆనుకునే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టు. బ్యాటరీ చిన్నదే కానీ, వైర్లు ఒకదానికొకటి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆ తర్వాత ఆరు కాళ్ల టాగుల్ స్విచ్ ఒకటి. మధ్య కాళ్లకు బ్యాటరీ, ఒక వైపు టర్న్‌టేబుల్, రెండో వైపు చార్జర్. వింటున్నప్పుడు చార్జర్ రెండు వైర్లూ పూర్తిగా విడిపోవాలి. చార్జర్ తగిలించి ఉంచి వింటే పోయిన రొద మళ్లీ వస్తుంది, పైగా చార్జర్ ఇచ్చే 13.8 వోల్టుల్లో డయోడ్ తగ్గించినా 13 వోల్టులకు పైగా మోటారుకు చేరతాయి.

వినడం అయ్యాక కాసేపు ఆగి, బ్యాటరీ వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలిచి చూడు. 12.2 వోల్టులు చూపిస్తే సగం అయిపోయినట్టే, వెంటనే చార్జింగ్‌కు మార్చు. మన గుంటూరు, బెజవాడ ఎండలు బ్యాటరీకి శత్రువులు; బాల్కనీలోనో బీరువా మీదనో పెట్టకు, గాలి ఆడే నీడలో పెట్టు. లిథియం సెల్స్ మొదటిసారికి వద్దు.

వేగం సరిచూడడానికి పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33⅓ మీద తిప్పి, మూడు నిమిషాలు లెక్కపెట్టు. సరిగ్గా వంద చుట్లు రావాలి. అడాప్టర్ మీద ఒకసారి, బ్యాటరీ మీద ఒకసారి లెక్కించు. రెండుసార్లూ తక్కువ వస్తే బెల్టు సాగిందేమో చూడాలి.

ఈ రాత్రికే అడాప్టర్ మీది అక్షరాలు, ఆ గుండ్రటి పిన్ను పక్కనున్న ప్లస్, మైనస్ బొమ్మ కూడా ఫోటో తీసి పంపించు. మధ్యలో ప్లస్ ఉందో లేదో చూశాకే షాపుకు వెళ్లు.

నీ మామయ్య