డబ్బా, బ్లేడు, రబ్బరు గొట్టం: సిపాయిల చేతిపనులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫొటోల్లో, ఎడారిలో తిరిగిన బ్రిటిష్ లారీల ముందు భాగంలో ఒక డబ్బా, దానికో గొట్టం కనిపిస్తాయి. అవెందుకు?
– ఓ లారీ డ్రైవర్, సూర్యాపేట

జవాబు: రేడియేటర్‌లో మరిగే నీళ్లు ఆవిరై పోకుండా పట్టుకోవడానికి. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే సైనికాధికారి యుద్ధానికి ముందు ఎడారి ప్రయాణాల్లో వాడిన ఏర్పాటిది. 1940లో కైరోలో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూపు అనే బ్రిటిష్ సైనిక దళం లారీలకూ అదే పెట్టారు.

రేడియేటర్ ఓవర్‌ఫ్లో దారి మూసేసి, ఆవిరిని రబ్బరు గొట్టం ద్వారా రెండు గ్యాలన్ల డబ్బాలోకి, అంటే సుమారు 9 లీటర్లు పట్టేదానిలోకి, మళ్లించేవారు. డబ్బాలో సగం వరకూ నీళ్లుంటాయి. గొట్టం కొస ఆ నీళ్లలో మునిగే ఉండాలి. ఆవిరి అక్కడికొచ్చి నీరైపోతుంది. డబ్బా కూడా మరిగి చిమ్మడం మొదలుపెడితే బండి ఆపి, ముందు భాగాన్ని గాలికి ఎదురుగా తిప్పేవారు. కాసేపటికి రేడియేటర్ చల్లబడి, లోపల పీడనం పడిపోయి, గుడగుడమంటూ నీళ్లు వెనక్కి ఎక్కేవి.

క్యాప్ వాషర్ వదులైనా, గొట్టం బీటలిచ్చినా నీటికి బదులు గాలి లోపలికి పోతుంది, నీళ్లు డబ్బాలోనే ఉండిపోతాయి. ఇప్పటి చాలా వాహనాల్లో కూలెంట్ బాటిల్ పనిచేసేదీ ఇలాగే. బాటిల్ నిండుగా ఉండి రేడియేటర్ తగ్గుతోందంటే, ఇంజన్ పూర్తిగా చల్లారాక ముందు క్యాప్, గొట్టం చూడండి. చాలామంది నేరుగా రేడియేటర్‌నే అనుమానించి డబ్బు వదిలించుకుంటారు.

ప్రశ్న: షేవింగ్ బ్లేడు, పెన్సిలుతో సైనికులు రేడియో చేసుకున్నారట. బ్యాటరీ లేకుండా ఎలా పలికింది? పిల్లలతో చేయించవచ్చా?
– సైన్సు ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: నిక్షేపంగా చేయించవచ్చు. 1944 జనవరి 22న ఇటలీలోని ఆంజియో తీరంలో దిగిన మిత్రదేశాల సైన్యం మే దాకా అక్కడే కందకాల్లో ఇరుక్కుపోయింది. రోమ్ అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి రేడియో స్టేషన్ నుంచి వచ్చే పాటల కోసం సిపాయిలు ఈ సెట్లు కట్టుకున్నారు. వాల్వులతో (గాజు బల్బుల్లాంటి రేడియో భాగాలతో) చేసే రీజనరేటివ్ రకం రేడియో సెట్టు తానూ కొంత తరంగాన్ని బయటికి వదులుతుంది, శత్రువు ఆచూకీ పట్టేయొచ్చు. బ్లేడు రేడియోకు ఆ భయం లేదు. ఏరియల్‌కు తగిలిన తరంగంలోని శక్తే ఇయర్‌ఫోన్‌ను పలికిస్తుంది, బ్యాటరీతో పనే లేదు.

5 సెంటీమీటర్ల వ్యాసమున్న అట్ట గొట్టం మీద అర మిల్లీమీటరు ఎనామెల్ రాగి తీగను పక్కపక్కనే 120 చుట్లు చుట్టండి. చుట్ల మీదుగా ఒక గీతలా గరుకు కాగితంతో ఎనామెల్ గీకేసి, దానిపై జరిగేలా ఒక రేకు ముక్క అమర్చండి. చుట్ట ఒక కొసకు ఏరియల్, బ్లేడు రెండూ కలపాలి. ఎర్త్ తీగనూ, ఇయర్‌ఫోన్ ఒక తీగనూ జరిగే రేకుకు కలపాలి. ఇయర్‌ఫోన్ రెండో తీగ పిన్నీసుకు వెళ్తుంది. పిన్నీసు మొనకు పెన్సిలు ములికి ముక్క కట్టి, అది బ్లేడును తాకీ తాకనట్టు ఉంచండి. ఏరియల్‌కు 25 మీటర్ల తీగ, ఎర్త్‌కు తడినేలలో దిగిన ఇనుప గొట్టం కావాలి.

ఎక్కువమంది పొరబడేది బ్లేడు దగ్గరే. తళతళలాడే స్టెయిన్‌లెస్ బ్లేడు పలకదు. నీలిరంగు ఆక్సైడ్ పొర ఉన్న కార్బన్ స్టీలు బ్లేడు కావాలి, దొరక్కపోతే అలాంటి ఉక్కు ముక్కను పట్టకారుతో మంట మీద పట్టి నీలిరంగు తిరిగేదాకా కాల్చాలి. కరెంటును ఒక వైపుకే ఎక్కువగా పోనిచ్చేది ఆ పొర, ములికి కలిసే చోటే. ములికిని గట్టిగా నొక్కితే పొర చిట్లిపోయి శబ్దం ఆగిపోతుంది. ఓపిగ్గా చోట్లు మార్చి వెతకాలి.

రెండో చిక్కు ఇయర్‌ఫోన్. సెల్‌ఫోన్‌వి ఎందుకూ పనికిరావు. 2000 ఓమ్‌ల పాత హెడ్‌ఫోన్ గానీ, తీగల మధ్య 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కట్టిన క్రిస్టల్ ఇయర్‌ఫోన్ గానీ వాడండి. విజయవాడ ఆకాశవాణిది 837 కిలోహెర్ట్జ్. ముందు మామూలు రేడియోలో మీడియం వేవ్ బలంగా అందుతోందో లేదో చూసుకుని, తర్వాత రేకును సుమారు సగం చుట్ల దగ్గర అటూ ఇటూ జరపండి. ఏరియల్‌ను కరెంటు తీగల ఛాయలకు పోనివ్వకండి. మబ్బు పడితే విప్పేయండి.

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గల్లిపోలి నుంచి బ్రిటిష్ పక్షం సైన్యం వెనుదిరిగినప్పుడు, నీటి డబ్బాలతో వాటంతటవే పేలే తుపాకులే 80 వేలమందిని కాపాడాయంటారు. నిజమేనా?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తెలివైన పనే గానీ, అంత గొప్ప వాటా దానికి చెందదు. గల్లిపోలిలోని ఆన్జాక్, సువ్లా తీరాల నుంచి 80 వేలకు పైగా సైనికులను 1915 డిసెంబరులో వరసగా రాత్రిపూటల్లో తరలించారు. చివరి రాత్రి 19–20ది. తుపాకులు పనికొచ్చింది ఆఖరి జట్లు కందకాలు వదిలాక కొద్దిసేపే. అసలు ఎత్తు అంతకుముందే వేశారు: నవంబరు చివర్లో కొన్ని రోజులు కావాలనే కాల్పులు ఆపి, టర్కీ సైనికులకు ఆ నిశ్శబ్దాన్ని అలవాటు చేశారు.

తుపాకీ ఉపాయం ఆస్ట్రేలియా లాన్స్ కార్పొరల్ విలియం స్కరీది. పైన నీళ్ల డబ్బా, కింద ఖాళీ డబ్బా, కింది దానికి ట్రిగ్గర్ నుంచి తాడు. బయల్దేరేముందు పై డబ్బాకు చిన్న బెజ్జం పొడిస్తే నీళ్లు కిందికి కారి, బరువు చాలినప్పుడు ట్రిగ్గర్ లాగుతుంది. వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్ తుపాకీ ట్రిగ్గర్‌కు సుమారు రెండున్నర, మూడు కిలోల లాగుడు కావాలి కాబట్టి చిన్న గ్లాసుతో అయ్యే పని కాదు. బెజ్జాల సైజు తేడాతో ఒక్కోటి ఒక్కో సమయానికి పేలుతుంది, మనుషులు కాల్చినట్టే అనిపిస్తుంది. అయితే బోల్టు చేత్తో లాగాల్సిన తుపాకులవి. ఒక్కోటి ఒక్కసారే పేలుతుంది.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని నార్మండీలో అమెరికన్ ట్యాంకుల ముందు ఉక్కు పళ్లు ఎందుకు?
– విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అక్కడి పొలాల గట్లు మట్టితో, చెట్ల వేళ్లతో గట్టిపడ్డ గోడలు. ట్యాంకు గట్టెక్కితే ఫిరంగి ఆకాశం వైపు తిరిగి, పలచటి అడుగు రేకు శత్రువుకు దొరికిపోయేది. అమెరికన్ సార్జెంట్ కర్టిస్ క్యులిన్ ముందు భాగానికి ఉక్కు పళ్లు అతికించాడు. పళ్లు గట్టులో దిగబడి ట్యాంకును పైకి లేవనివ్వవు, అది గట్టును చీల్చుకుంటూ పోతుంది. ఉక్కు ఎక్కడిదంటే, జర్మన్లు సముద్రతీరంలో అడ్డుగా పాతిన దూలాలనే కోసి వాడారు. 1944 జులై 25న పెద్ద దాడి మొదలయ్యేదాకా ఈ ట్యాంకులను బయటపెట్టలేదు.