టెక్సస్‌లో లైసెన్సు ఉన్నవారు బ్యాంకులోకి పిస్తోలు తీసుకెళ్లవచ్చా?

మీరు డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతున్నారు, గ్రీన్‌కార్డు ఉంది, టెక్సస్ ప్రభుత్వం ఇచ్చే హ్యాండ్‌గన్ లైసెన్సు కూడా తీసుకున్నారు. సాయంత్రం నగదు డిపాజిట్ చేయడానికి వెళ్లినప్పుడు చొక్కా కింద ఉన్న పిస్తోలుతోనే బ్యాంకులోకి వెళ్లవచ్చా అన్నది మీ ప్రశ్న. తలుపు మీద ఎఫ్‌డీఐసీ (ఫెడరల్ డిపాజిట్ బీమా సంస్థ) గుర్తు ఉంది కాబట్టి అది ఫెడరల్ స్థలమని మీ స్నేహితుడు అంటున్నారు. ఒక్కోసారి మీకు తోడుగా హెచ్-1బి వీసా మీద ఉన్న మీ బావమరిది కారులో వస్తారని కూడా రాశారు. నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ చివరి వాక్యమే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేనూ హ్యూస్టన్ శివారులో స్టోరు నడుపుతున్నాను. చాలా ఏళ్లుగా నాకు ఈ లైసెన్సు ఉంది. న్యాయవాదిని కాను కానీ, నగదు సంచితో బ్యాంకు తలుపు ముందు నిలబడి ఇదే ప్రశ్న వేసుకున్నవాణ్ని.

ముందు మీ స్నేహితుడి మాట. అది సరికాదు. ఎఫ్‌డీఐసీ గుర్తుకు అర్థం మీ డిపాజిట్‌కు బీమా ఉందని, అంతే. ఫెడరల్ భవనాల్లోకి తుపాకులు తేకూడదని చెప్పే చట్టం ప్రభుత్వ సొంత భవనాలకు, ప్రభుత్వం అద్దెకు తీసుకుని ఉద్యోగులను కూర్చోబెట్టిన చోట్లకు వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఆ కోవలోకి వస్తుంది. మీ వీధి చివర ఉన్న బ్యాంకు ప్రైవేటు సంస్థ. బ్యాంకుల్లోకి తుపాకీ తేకూడదని దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం లేదు. దోపిడీ సంగతి వేరు, అక్కడ ఆయుధం వాడితే 25 ఏళ్ల వరకు శిక్ష ఉంటుంది. డిపాజిట్ చేయడానికి వచ్చిన వ్యక్తికి దానితో సంబంధం లేదు.

ఇక టెక్సస్ చట్టం. తుపాకీ తేకూడని స్థలాల జాబితా శిక్షాస్మృతి 46.03 సెక్షన్‌లో ఉంది. బడులు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, విమానాశ్రయాల్లో తనిఖీ దాటిన భాగం, ఆదాయంలో 51 శాతం మద్యం మీద వచ్చే బార్లు వంటివి అందులో ఉన్నాయి. బ్యాంకులు లేవు. కాబట్టి బ్యాంకు యాజమాన్యం వద్దని చెప్పనంత వరకు మీరు లోపలికి వెళ్లడం నేరం కాదు.

అసలు విషయమంతా ఆ 'వద్దని చెప్పడం'లోనే ఉంది. లైసెన్సు ఉండి, పైకి కనిపించకుండా పెట్టుకున్నవారికి వద్దని చెప్పే బోర్డు 30.06 సెక్షన్ ప్రకారం ఉండాలి. చట్టంలో రాసి ఉన్న వాక్యాన్నే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళానికి తగ్గని ఎత్తు అక్షరాలతో, అందరికీ స్పష్టంగా కనిపించేలా పెట్టాలి. పైకి కనిపించేలా పెట్టుకునే వారికి 30.07 బోర్డు. 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ పెట్టుకునే వీలు వచ్చింది కదా, అలాంటివారికి 30.05 కింద నోటీసు ఇస్తారు. పిస్తోలు బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న చిన్న స్టిక్కరు 30.06 బోర్డుకు సమానం కాదని మన స్టోరు యజమానుల్లో చాలామందికి తెలుసు. తెలిసి దాన్ని లెక్కచేయరు. అది నాకు నచ్చదు. ఆ స్టిక్కరు అంటించినవాళ్లు తమ ఇష్టం ఏమిటో చెప్పేశారు, మనం వెళ్తున్నది వాళ్ల చోటికి.

నోటిమాట కూడా నోటీసే, ఇది చాలామంది మరచిపోతారు. బోర్డు చూసి కూడా లోపలికి వెళ్తే 200 డాలర్ల వరకు జరిమానా ఉండే చిన్న నేరం. బయటకు వెళ్లమని మేనేజరు స్వయంగా చెప్పినా కదలకపోతే అది క్లాస్ ఏ నేరం అవుతుంది: ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా.

నేను వెళ్లే శాఖలో మొదట బోర్డు లేదు. మరమ్మతులు చేసి మళ్లీ తెరిచాక తలుపు పక్కన రెండు భాషల బోర్డు వచ్చింది. మేనేజరుకు నేను ఎప్పటినుంచో తెలుసు కాబట్టి ఆవిడే ముందుగా నాకు చెప్పింది. నేను వెనక్కి వెళ్లి, పిస్తోలు కారులో తాళం ఉన్న పెట్టెలో పెట్టి వచ్చాను. అక్కడితో అయిపోయింది. నాకు తెలిసిన మరో తెలుగు స్టోరు యజమానికి ఇంత సాఫీగా జరగలేదు. ఆయన వంగినప్పుడు చొక్కా పైకి లేచి పిస్తోలు బయటపడింది. టెల్లర్ భయపడి మేనేజరును పిలిచింది. ఆయన లైసెన్సు కార్డు చూపిస్తూ వాదనకు దిగారు. పోలీసులు వచ్చారు. చివరికి కేసు లేకుండా పంపించారు కానీ, అప్పటికే ఆయన పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి ఉన్నారు. ఆ దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టు చేశారా, నేరాభియోగం మోపారా అని అడుగుతారు. ఒక్క వాదన వల్ల ఎన్నాళ్ల ఎదురుచూపు ప్రమాదంలో పడేదో ఆలోచించండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా తుపాకీని చట్టవిరుద్ధంగా దగ్గర పెట్టుకున్నట్టు శిక్ష పడితే దేశం నుంచి పంపించే అధికారం ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. ఇక్కడే పుట్టిన మీ పొరుగువాడికి 200 డాలర్లతో పోయే విషయం మీకు అలా పోకపోవచ్చు.

ఇప్పుడు మీ బావమరిది. దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. సెక్షన్ 922(జి)(5). శిక్ష 15 ఏళ్ల వరకు ఉంటుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటి మీద ఆధారపడే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎవరైనా అంటే నమ్మవద్దు. రాష్ట్రం ఇచ్చిన సడలింపు ఫెడరల్ నిషేధాన్ని తీసేయదు. చేతిలో పట్టుకుంటేనే 'దగ్గర ఉంచుకోవడం' అనుకోకండి. మీరు పిస్తోలు కారులో వదిలి బ్యాంకులోకి వెళ్తారు, కారులో అతను ఒక్కడే కూర్చుని ఉంటాడు, పెట్టె తాళం చెవి కూడా అతని దగ్గరే ఉంటుంది. ఆ పరిస్థితిని అధికారులు ఎలా చూస్తారో ఊహించండి. పిస్తోలు ఉన్న రోజు అతన్ని తీసుకెళ్లకండి. అతను వచ్చే రోజు పిస్తోలు ఇంట్లో తాళం వేసి ఉంచండి, తాళం చెవి మీ జేబులో ఉండాలి.

మరొక సంగతి. మీ బ్యాంకు బడికి దగ్గరలో ఉంటే, బడి చుట్టూ 1,000 అడుగుల వరకు ఫెడరల్ నిషేధం ఉంది. బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. లైసెన్సు లేకుండా పెట్టుకుని తిరిగేవారికి ఆ రక్షణ లేదు. నేను లైసెన్సును వదలకుండా పునరుద్ధరించుకోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇవన్నీ టెక్సస్ మాటలు. మిచిగన్‌లో చుట్టాలు ఉన్నారని రాశారు కాబట్టి చెబుతున్నాను: అక్కడి చట్టం బ్యాంకును పేరు పెట్టి నిషేధ జాబితాలో చేర్చింది, అయితే కన్సీల్డ్ పిస్టల్ లైసెన్సు ఉన్నవారిని మినహాయించింది. కాలిఫోర్నియా, హవాయి 2023లో బ్యాంకులను నిషేధిత స్థలాలుగా ప్రకటించాయి. 2024లో ఆ రెండు రాష్ట్రాల మీదా అధికారం ఉన్న ఫెడరల్ తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు బ్యాంకుల విషయంలో ఆ నిషేధాన్ని నిలిపివేసిన ఉత్తర్వులను సమర్థించింది. రాష్ట్రం దాటిన ప్రతిసారీ కొత్తగా చూసుకోవాల్సిందే.

మీరు అడగలేదు కానీ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మనవాళ్లు దోపిడీకి గురైన కథలు విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, మీ భయం నాకు పూర్తిగా అర్థమవుతుంది. అయినా నా అనుభవంలో డిపాజిట్ సమయంలో మిమ్మల్ని కాపాడేది పిస్తోలు కాదు, మీరు ఎప్పుడు వస్తారో బయటివారికి తెలియకపోవడం. రోజూ ఒకే సమయానికి, ఒకే దారిలో, బ్యాంకు పేరున్న సంచితో వెళ్లేవారిని గమనించడం సులువు. నేను వేళలు మార్చాను, మామూలు భోజనం సంచి వాడతాను, పగటిపూటే వెళ్తాను. అమ్మకాలు పెరిగాక నగదు తీసుకెళ్లే సాయుధ వాహనాన్ని కుదుర్చుకున్నాను. దాని ఖర్చు గురించి చాలాకాలం వెనకాడాను కానీ, నా భార్య పట్టుబట్టింది.

రేపు బ్యాంకుకు వెళ్లినప్పుడు ముందు తలుపులన్నీ చూడండి, వెనక పార్కింగ్ వైపు ఉన్నది కూడా. బోర్డు లేకపోతే పిస్తోలు కారులో ఉంచి లోపలికి వెళ్లి, మీ శాఖ నియమం ఏమిటో మేనేజరును అడగండి. బావమరిదిని మాత్రం ఈ వారంలోనే న్యాయవాదితో మాట్లాడించండి.