టీమ్‌లో ఇద్దరు సీనియర్ల మధ్య పంతం వస్తే లీడ్ ఏం చేయాలి?

మీ టీమ్‌లో ఇద్దరు సీనియర్లు ప్రతి మీటింగ్‌లో ఒకరి మాట ఒకరు తీసిపారేస్తున్నారని, లీడ్‌గా మీరు ఎవరివైపు మాట్లాడినా రెండోవారు ముఖం ముడుచుకుంటున్నారని రాశారు. నాకు సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురైంది. మొదట తప్పు చేశాను కాబట్టి, అక్కడినుంచే చెప్తాను.

మాది 7 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ టీమ్. బిల్లులు లెక్కగట్టే భాగం, అంటే బిల్లింగ్ మాడ్యూల్, బాగా పాతబడింది. ఒక సీనియర్ మొత్తం కొత్తగా రాద్దామన్నారు, ఇంకొకరు ఉన్నదాన్నే కొంచెం కొంచెంగా బాగుచేసుకుందామన్నారు. మొదటి వారం అది నిజంగా పని గురించిన చర్చే. రెండో వారానికి కోడ్ రివ్యూల్లో (ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చూసి అప్రూవ్ చేసే పనిలో) వేరియబుల్ పేర్ల మీద కూడా పట్టుదలగా కామెంట్లు పెట్టుకోవడం మొదలైంది. ఒక చిన్న మార్పు 11 రోజులు అప్రూవ్ కాకుండా ఆగిపోయింది. గొడవ మాడ్యూల్‌ను దాటి మనుషుల మీదికి వచ్చిందని నేను అప్పుడే గుర్తించాల్సింది.

గుర్తించకపోగా, అందరూ ఉన్న మీటింగ్‌లో "మీ డిజైన్ కుదరదండీ, ఆయన చెప్పినట్టే వెళ్దాం" అని తేల్చేశాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అది నలుగురిలో చెప్పాల్సిన మాట కాదు. ఆ రోజు నుంచి, నేను కాదన్న ఆ సీనియర్ దేనికీ ఎదురు చెప్పలేదు. హమ్మయ్య, టెన్షన్ తీరిందనుకున్నాను. మూడు వారాలకు రిలీజ్‌లో పన్ను లెక్క తప్పింది. ఆ లోపం ఆయన కంటికి ముందే పడిందట. అడిగితే, "నా మాట ఎలాగూ తీసుకోరు కదా అని ఊరుకున్నాను" అన్నారు. ఆ మాట చాలా రోజులు నన్ను వెంటాడింది. వాళ్లు వాదించుకున్నప్పటి కంటే ఆయన మాట్లాడకపోవడం వల్లే మాకు ఎక్కువ నష్టం జరిగింది.

"పని గురించి వాదించుకుంటే మంచిదే కదా" అని చాలామంది వదిలేస్తారు. టీమ్‌లలో గొడవల మీద పరిశోధించిన కారెన్ జెన్ 1995లో ప్రచురించిన అధ్యయనం, రొటీన్ కాని పనుల్లో అలాంటి వాదన కొన్నిసార్లు మేలు చేస్తుందని చూపిన మాట నిజమే. అయితే 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పని మీద వాదన కూడా మొత్తం మీద టీమ్ పనితీరును తగ్గిస్తున్నట్టే తేలింది. అది వ్యక్తిగత గొడవతో కలిసిపోని చోట మాత్రం నష్టం తక్కువ. నా అనుభవమూ ఇదే. అలా కలిసిపోతున్న సమయంలోనే లీడ్ కలగజేసుకోవాలి.

నేను ముందు ఆ మాట్లాడటం మానేసిన సీనియర్‌తో విడిగా కూర్చుని, "అందరి ముందు అలా అనడం నా తప్పు" అన్నాను. వెనకాల ‘కానీ’ తగిలించలేదు. తర్వాత రెండోవారితో కూడా విడిగా మాట్లాడాను.

తర్వాతి వివాదం డేటా మైగ్రేషన్ మీద, అంటే పాత రికార్డులను కొత్త చోటికి మార్చడం మీద వచ్చింది. ఈసారి ఎవరి డిజైనూ తెరవకముందే, దేన్నిబట్టి ఎంచుకోవాలో ముగ్గురం కలిసి రాసుకున్నాం: తేడా వస్తే ఎంతసేపట్లో వెనక్కి తీసుకోగలం, తర్వాత ఎవరు చూసుకుంటారు, గడువుకు అందుతుందా. ఆ తర్వాత గణిత శాస్త్రవేత్త అనటోల్ రాపోపోర్ట్ చెప్పిన పద్ధతి పాటించాం. అవతలివారి వాదనను మనం చెప్పాలి, "అవును, నేనన్నది ఇదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే మన అభ్యంతరం చెప్పాలి. మొదటిసారి 40 నిమిషాలు పట్టింది, ఇద్దరికీ చిరాకేసింది. కానీ మధ్యలో ఒకరు ఆగి, "అంటే మీ భయం పాత కస్టమర్ల రికార్డుల గురించా? అది నాకు తట్టలేదు" అన్నారు. అప్పటినుంచి వాళ్ల గొంతు మారింది.

ఇంకొకటి తప్పకుండా చేయండి. ఒప్పుకోని అభ్యంతరాన్ని కూడా చెప్పినవారి పేరుతో నిర్ణయం పక్కనే రాయండి, ఎప్పుడు మళ్లీ చూస్తారో తేదీ వేయండి. మాట నెగ్గకపోయినా అది రికార్డులో ఉందంటే మనిషికి తలవంపులు అనిపించదు.

ఎవరైనా జూనియర్లను కించపరుస్తుంటే మాత్రం ఈ పద్ధతులేవీ సరిపోవు. ఏ రోజు ఏమన్నారో రాసిపెట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లండి.

మా ఇద్దరు సీనియర్లు స్నేహితులేమీ అయిపోలేదు. ఇప్పటికీ గట్టిగానే వాదించుకుంటారు, కానీ రివ్యూలు ఒకటి రెండు రోజుల్లో అయిపోతున్నాయి. మీరైతే, ఆ ఇద్దరిలో ఈమధ్య మాట తగ్గించినవారెవరో చూసి, ముందు వాళ్లతో విడిగా మాట్లాడండి.