చర్నాకోల పట్టుకున్న దొరను నా హీరోయిన్ ఎలా ప్రేమిస్తుంది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. 1874 నాటి ప్రేమకథ ఒకటి సీరియల్‌గా రాస్తున్నాను. కడప జిల్లాలో ఐదు వందల ఎకరాల నీలిమందు తోట, దానికి యజమాని ఒక తెల్లదొర. హీరోయిన్ ఓబులమ్మ ఆ తోటలో కూలికి పోయే పిల్ల. మొదట ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది, చివరికి ప్రేమించుకోవాలి. పన్నెండు భాగాలు అయినా ఇద్దరినీ కలపలేక టెన్షన్‌గా ఉంది. మా అక్క చదివి "వాడు చర్నాకోలతో కొడతా ఉంటే ఆ పిల్ల వాణ్ని యెట్ల ఇష్టపడతాదే?" అంటోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అక్కగారికి నమస్కారాలు, సగం జవాబు ఆవిడే చెప్పేశారు. మీరు పంపిన మూడు భాగాలూ చదివాను. దొర తిడతాడు, ఓబులమ్మ పళ్లు కొరుక్కుంటుంది. దొర కొడతాడు, ఓబులమ్మ గుడిసెలోకి పోయి ఏడుస్తుంది. దీన్ని శత్రుత్వం అనరండీ. పగ అంటే అటూ ఇటూ దెబ్బ తగలాలి. ఓబులమ్మ వల్ల ఆ దొరకు ఇంతవరకు ఒక్క అణా నష్టం లేదు, ఇక వాళ్లిద్దరికీ గొడవ ఎక్కడుంది? తిట్టే మగవాడి గుండెలో ప్రేమ దాగి ఉంటుందని రాసే అలవాటు మన సీరియళ్లకు ఎప్పటినుంచో ఉంది, నాకైతే ఒళ్లు మండుతుంది.

ముందు ఆ ఐదు వందల ఎకరాల తోట తీసేయండి. అది బెంగాల్, బీహార్ల నుంచి మనం తెచ్చుకున్న బొమ్మ. అక్కడ దొరలు అప్పులు అంటగట్టి రైతుల చేత బలవంతంగా నీలి వేయించారు, 1859లో బెంగాల్ రైతులు తిరగబడ్డారు, 1917లో గాంధీజీ చంపారన్ వెళ్లిందీ ఈ గొడవ మీదే. మన కడపలోనూ నీలి బాగా పండింది గానీ ఎక్కువగా రైతుల సొంత చేలల్లో, ఎందుకంటే ఇక్కడిది రైత్వారీ, అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టేది రైతే. ఆకును నానబెట్టి మందు, అంటే బట్టలకు వేసే నీలం రంగు, తీసే తొట్లు కూడా చాలావరకు స్థానికులవే. ఇది కథకు అడ్డమని మీకు అనిపించవచ్చు, నన్నడిగితే వరం.

ఓబులమ్మ తండ్రి మంచాన పడ్డాడు, నీలి చేను తనే చూసుకుంటోంది అనుకోండి. హీరో తొట్ల ఆసామి కొడుకు. బయానా డబ్బు అతని దగ్గర, ఆకు ఆమె దగ్గర. పచ్చి ఆకు కోశాక ఆగదు, వెంటనే తొట్టికి చేరాలి, ఆ సంగతి తెలిసి అతను రేటు తగ్గిస్తాడు. అయితే అప్పట్లో కడప ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆకును ఎండబెట్టి దాచుకుని కూడా మందు తీసేవాళ్లు. అందుకని ఓబులమ్మ "నీ రేటు నాకొద్దు పో" అని ఆకంతా ఎండేసి ఇంట్లో పెట్టుకుంటే, సీజన్‌లో ఖాళీ తొట్లు చూసుకుంటూ కూర్చునేది అతనే. ఇప్పుడు ఇద్దరూ సమానంగా కొట్టుకుంటున్నారు. పైగా నీలివార్త అనే మాట మన భాషలోనే ఉంది, పుకారు అని అర్థం. "తూకంలో రాళ్లు మార్చినాడంట" అని ఊళ్లో ఒక్క నీలివార్త పుట్టించారంటే మీకు మూడు భాగాలు గడిచిపోతాయి.

మనసు మారే చోటుకు తొట్టినే వాడుకోండి. రాత్రంతా నానిన ఆకును తీసేస్తే మిగిలేది పచ్చపచ్చటి నీళ్లు, ఒకటే కంపు. మనుషులు అందులో దిగి తెడ్లతో చిలుకుతారు. గాలి తగిలేకొద్దీ పచ్చదనం పోయి నీలం తిరుగుతుంది, పైన నురగ కడుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని కాచి, గుడ్డలో వడగట్టి పిండి, బిళ్లలుగా కోసి ఆరబెడతారు. ఒకరోజు బేరానికి వచ్చిన హీరో మాటిమాటికీ చేతులు వెనక్కి పెట్టుకుంటుంటే, చెంబు అందుకునేటప్పుడు ఓబులమ్మ అతని గోళ్ల సందుల్లో నీలం చూస్తుంది. కూలోళ్ల గోళ్లకు ఉండాల్సిన నీలం ఆసామి కొడుకు గోళ్లకు ఎందుకుంది? ఆమెను ఆ రాత్రి నిద్రపోనివ్వకండి చాలు, "ఐ లవ్యూ"లు అక్కర్లేదు.

చిన్న చిన్నవి: నాలుగో భాగంలో ఆకును కిలోల్లో తూచారు. మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో, మీవాళ్లు మణుగులు, వీశెల్లో తూయాలి. ఓబులమ్మ పొద్దున్నే కాఫీ తాగడం మానేసి అంబలి తాగితే మేలు. గ్రిబుల్ అనే ఆయన రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875లో అచ్చయింది, మీ కథాకాలానిదే కాబట్టి దొరికితే తప్పకుండా చూడండి.

ఇంకోటి, ఇది చిన్నది కాదు. 1874లో మొదలుపెట్టారు కదా, రెండేళ్లు తిరిగేసరికి ధాత కరువు వస్తుంది. 1876 నుంచి 78 దాకా మన సీమను పీల్చిపిప్పి చేసిన కరువది, మీరు తప్పించుకోలేరు. ఊరు ఆకలితో చస్తుంటే వెన్నెల్లో షికార్లు రాయొద్దు. అతను గొప్పగా అప్పు పత్రాలు చించేసే సీన్ కూడా వద్దు, అది ఉన్నవాడి దానం అవుతుంది. వానల్లేక చేలు ఎండిపోయాయి, ఎవరి దగ్గరా ఆకు లేదు, తొట్లలో పనిచేసేవాళ్లకు గింజలు కొనాలంటే మందు తీసి అమ్మాలి. అప్పుడు గుర్తొస్తుంది అతనికి, ఓబులమ్మ ఇంట్లో ఎండేసిన ఆకు ఉందని. వచ్చి వాకిట్లో నిలబడతాడు. ఈసారి రేటు ఆమె చెబుతుంది, త్రాసు కూడా ఆమే పట్టుకుంటుంది.

పదమూడో భాగం ఆ వాకిట్లో మొదలుపెట్టి, అక్కగారికి చదివి వినిపించండి. ఆవిడ ఏమన్నారో మాకు రాయండి.