రాంచ్ కొంటే సర్కారు మేత కూడా మనదేనా?

ప్రశ్న: నెవాడాలో 160 ఎకరాల రాంచ్ (పశువుల క్షేత్రం) అమ్మకానికి వచ్చింది. దాంతోపాటు 2,000 ఎకరాల బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, కేంద్ర ప్రభుత్వ భూములు చూసే సంస్థ) పర్మిట్ కూడా వస్తుందని ఏజెంటు అంటున్నాడు. ఆ నేల మాదైనట్టేనా? నాకు గ్రీన్‌కార్డు ఉంది.
- ఒక పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: కాదండీ. ఆ 2,000 ఎకరాలు కేంద్ర ప్రభుత్వానివే. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ మీకిచ్చేది పశువులు మేపుకొనే అనుమతి మాత్రమే, మామూలుగా పదేళ్లకి. 1934 టేలర్ గ్రేజింగ్ చట్టంలోనే ఇది హక్కు కాదని రాసి ఉంది. వేటకొచ్చేవాళ్లనూ క్యాంపింగ్‌వాళ్లనూ మీరు ఆపలేరు.

మీరు కొనే 160 ఎకరాలను 'బేస్ ప్రాపర్టీ' అంటారు, పర్మిట్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అయినా రిజిస్ట్రేషన్‌తోనే పేరు మారిపోదు. అమ్మకం జరిగిన 90 రోజుల్లోగా ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టాలి, లేదంటే పర్మిట్ పొందడానికి ఆ నేలకున్న ప్రాధాన్యమే రద్దు కావచ్చు. గ్రీన్‌కార్డు ఒక్కటే చాలదు. పౌరులై ఉండాలి, లేదా పౌరసత్వానికి దరఖాస్తు చేసి ఉండాలి. ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసే అధికారమున్న కంపెనీ పేరు మీదా తీసుకోవచ్చు. పర్మిట్ తీసుకుని వేరొకరికి సబ్‌లీజుకిద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, అది నిషిద్ధం.

అడ్వాన్సు ఇచ్చేముందు బీఎల్ఎం ఫీల్డ్ ఆఫీసులో ఆ అలాట్‌మెంట్ (పర్మిట్ కిందికొచ్చే మేత భూమి) ఫైలు చూడండి. అందులో 'యాక్టివ్', 'సస్పెండెడ్' (నిలిపి ఉంచిన మేత) అని రెండు అంకెలుంటాయి. మేపుకోవడానికి పనికొచ్చేది మొదటిదే. రెండూ కలిపి చెప్పే ఏజెంటుతో జాగ్రత్త.

ప్రశ్న: 2,000 ఎకరాల్లో ఎన్ని ఆవులు మేపొచ్చు? రుసుము ఎంత?
- మరో పాఠకురాలు, బోయిసీ

జవాబు: ఇక్కడ కొలత ఏయూఎం (యానిమల్ యూనిట్ మంత్). ఒక ఆవూ దూడా, లేదా ఒక గుర్రం, లేదా ఐదు గొర్రెలు నెలరోజులు తినే మేత. ఎండు తూకంలో దాదాపు 800 పౌండ్లు అనుకోండి.

ఎకరాకు 400 పౌండ్ల గడ్డి పండిందనుకుందాం. మొత్తం 8 లక్షల పౌండ్లు. ఎండు ప్రాంతంలో అందులో 35 శాతానికి మించి తిననివ్వకూడదు, అంటే 2,80,000. దాన్ని 800తో భాగిస్తే 350 ఏయూఎంలు. నాలుగు నెలలకు 87 ఆవులు.

కాగితం మీద లెక్క ఇంతే. అసలు సమస్య నీళ్లు. నీళ్ల తొట్టికి మైలు దాటితే అంత దూరం వెళ్లే ఆవులు తగ్గుతాయి కాబట్టి అక్కడి మేతను సగమే లెక్కేస్తారు. రెండు మైళ్లు దాటితే సున్నా. పై నేలలో సగం ఒకటి రెండు మైళ్ల మధ్య ఉంటే 350 కాస్తా 262 అవుతుంది, ఆవులు 65కి దిగుతాయి. నిటారు వాలు ఉంటే ఇంకా తగ్గించాలి. పైగా 800 పౌండ్ల లెక్క వెయ్యి పౌండ్ల ఆవుకి సరిపోయేది. 1,300 పౌండ్ల ఆవుల్ని తోలి గడ్డి ఎందుకు చాలలేదని అడిగితే ఏం చెప్పాలి?

రుసుము మాత్రం చౌకే. 2019 నుంచి 2025 దాకా ఏయూఎంకి 1.35 డాలర్లు ఉండేది, 1986 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు ప్రకారం అంతకంటే తగ్గదు. ఆ ధరకి 350 ఏయూఎంలకి 472.50 డాలర్లు. గడువు దాటి 15 రోజులైతే ఆలస్య రుసుము పడుతుంది. కంచెలు, తొట్లు, మనుషుల ఖర్చు వేరు. మీ జేబు ఖాళీ అయ్యేది అక్కడే.

ప్రశ్న: ఆవులు వాగు ఒడ్డునే పడుంటున్నాయి. ఉప్పుదిమ్మలు కూడా అక్కడే పెట్టాం.

జవాబు: అందుకే పడుంటున్నాయి. దిమ్మల్ని నీటికి కనీసం పావు మైలు దూరంలో, గడ్డి మిగిలిపోయిన మిట్టమీదకి మార్చండి, కొన్నాళ్లకోసారి చోటు తిప్పండి. ఉప్పు కాక ఇతర దాణా పెట్టాలంటే ముందు ఆఫీసు అనుమతి కావాలి. ఒడ్డున గడ్డి నాలుగంగుళాలకు దిగితే మందను తోలేయండి. వేసవిలో ఉప్పు మార్చినా అవి నీడ వదలవు, మనిషి రోజూ వెళ్లి తోలాల్సిందే. మిట్టమీద కొత్త తొట్టి కట్టాలంటే దానికీ ముందే అనుమతి తీసుకోవాలి. పక్షులూ ఉడుతలూ మునిగిపోకుండా అందులో వాలు మెట్టు పెట్టించండి.