అడగండి, చెప్తా: ఒకే గొంతుతో సీరియల్ అంతా

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఆఫీసు పని మీద హోచిమిన్ సిటీ వెళ్తుంటే మేమిద్దరం కూడా బయల్దేరాం. రాత్రి హోటల్లో టీవీ పెడితే ఏదో కొరియా సీరియల్, హీరోయిన్ ఏడుస్తున్నా విలన్ అరుస్తున్నా ఒకే ఆవిడ గొంతు, వార్తలు చదివినట్టు చదువుకుంటూ పోతోంది. మావారు టీవీ పాడైందని రిసెప్షన్‌కి ఫోన్ కూడా చేసేశారు. ఏంటండీ అది?
– ఒక గృహిణి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: టీవీకేం కాలేదమ్మా, పాపం రిసెప్షన్ వాళ్లే కంగారు పడుంటారు. దాన్ని వియత్నాంలో థుయెత్ మిన్ అంటారు, ఒరిజినల్ సౌండ్ తగ్గించేసి పైన ఒక్కరే డైలాగులన్నీ చదివేస్తారు, ఆడా మగా పిల్లా ముసలీ అందరికీ ఆ ఒక్క గొంతే. ఏడుపు ఎలాగూ వెనకాల వినబడుతూనే ఉంటుంది, ఆవిడ మాట చెబితే చాలు కదా, పైగా పదిమంది ఆర్టిస్టుల్ని పిలిచే ఖర్చు లేదు. మనం చేసుకునే డబ్బింగ్ లాంటిది కూడా వాళ్లకుంది, పాత్రకో గొంతు, దాని పేరు లోంగ్ తియెంగ్. దక్షిణాన సైగాన్ (మీరెళ్లిన హోచిమిన్ సిటీకి పాత పేరే) వైపు జనానికి ఇదే ఇష్టం, మొదటిది ఉత్తరాన రాజధాని హనోయ్ వైపు అలవాటు. మీకు తగిలింది బహుశా హనోయ్ నుంచి వచ్చే చానల్.

అసలు బెంగళూరులో ఉన్నవాళ్లకి ఇది అంత వింత కాకూడదు, ఎందుకంటే ఇక్కడ కన్నడలో డబ్బింగే వద్దని సినిమావాళ్లు దశాబ్దాలు పట్టుబట్టారు, వ్యాపారంలో పోటీని అడ్డుకోకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2015లో దాన్ని తప్పుబట్టింది కూడా. చిన్నారి పెళ్లికూతురు గుర్తుందా, హిందీ బాలికా వధు? మనకి డబ్ చేసి ఇచ్చారు, కన్నడలో డబ్బింగ్ కుదరక పుట్టగౌరి మదువె అని మళ్లీ తీసుకున్నారు (మా పక్కింటి కన్నడ ఆంటీ రెండూ చూసేది, మన తెలుగుదే బాగుందనేది, నా మొహం చూసి అనేదో ఏమో). అదే సీరియల్ టుడేటీవీ అనే చానల్లో ఎనిమిదేళ్ల పెళ్లికూతురు అనే పేరుతో వియత్నాంకీ వెళ్లింది, విరగబడి చూశారు. అందులో ఆ చిన్న పెళ్లికూతురుగా చేసిన మన ఉయ్యాల జంపాల అమ్మాయి అవికా గోర్ అంటే అక్కడ కూడా గుర్తుపడతారు!

ప్రశ్న: అక్కడ చానళ్లన్నీ సర్కారువేనా? మన అత్తాకోడళ్ల గోల అక్కడా ఉందా?
– ఒక పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: అన్నీ సర్కారువే, కేంద్రానిదో రాష్ట్రం లాంటి ప్రావిన్సులదో అంతే, ప్రైవేటు కంపెనీలు ప్రోగ్రాములు తీసి ఇస్తాయి. హనోయ్‌లో 1970లో మొదలైన వీటీవీ పెద్దన్న, అందులో వీటీవీ1 వార్తలకి, 1996లో వచ్చిన వీటీవీ3 ఎంటర్‌టైన్‌మెంట్‌కి. సైగాన్‌లో హెచ్‌టీవీ ఉంది, కానీ నాకు ముచ్చటేసేది విన్ లాంగ్, మెకాంగ్ డెల్టాలో ఓ ప్రావిన్సు టీవీ, పల్లెటూరి కథల సీరియల్స్‌తో దక్షిణ వియత్నాం ఇళ్లల్లో పెద్ద చానళ్లని పక్కకి నెట్టేసింది. వీటీసీ అని ఇంకోటుండేది, 2025 జనవరిలో మూసేశారు.

అత్తాకోడళ్లా? 2017లో వీటీవీ1లో అత్తగారితో కాపురం అని అర్థమొచ్చే సీరియల్ వస్తే ఊరంతా ఆ అత్తని తిట్టుకున్నారు. 2019లో ఇంటికొచ్చేయ్ అమ్మా లాంటి పేరుతో ఇంకోటి, పెళ్లాం పోయిన తండ్రి, ముగ్గురు కూతుళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో గొడవ, ఆ తండ్రి ఓపిక చూసి మొగాళ్లు కూడా ఏడ్చారట. వంద ఎపిసోడ్లు కూడా లేకుండా ముగించారు, అదీ నాకు కుళ్లు, మనవాళ్లయితే ఒక్క పెళ్లిచూపులకే వంద లాగుతారు. ఇంకో చిత్రం, 90ల్లో అక్కడ జపాన్ సీరియల్ ఓషిన్ ఎంత పట్టేసిందంటే ఇంట్లో పనిమనిషికి ఆ పేరే ఖాయమైపోయింది, ఇప్పటికీ ఓసిన్ అనే అంటారు. చూడాలనుంటే యూట్యూబ్‌లో విన్ లాంగ్ వాళ్ల చానల్ ఉంది, భాష రాకపోయినా అత్తగారెవరో మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.